సైన్స్ ప్రశ్నలు – జవాబులు: మూడు శాతం ముప్పు నుంచి ముప్ఫై రెండు సెంటీమీటర్ల సోఫా దాకా

వార్తల్లో ఒక అంకె కనిపిస్తుంది, అదెలా వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు. అలాంటి అంకెల గురించి పాఠకులు అడిగినవాటిలో ఏడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 2024 వైఆర్4 అనే గ్రహశకలం భూమిని ఢీకొట్టే అవకాశం మొదట ఒక శాతం అన్నారు. తర్వాత మూడు దాటిందన్నారు. వారం తిరక్కుండానే ఏమీ లేదన్నారు. లెక్క తప్పిందా, జనాన్ని భయపెట్టారా?

లెక్క తప్పలేదు. పెరిగి పెరిగి ఒక్కసారిగా పడిపోవడం ఈ రకం లెక్కకు మామూలే.

ఆ శకలం 2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ దూరదర్శినికి చిక్కింది. అప్పటికి రెండు రోజుల ముందే భూమికి దగ్గరగా వచ్చి, మళ్లీ దూరమైపోతోంది. సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి దానికి సుమారు 4 ఏళ్లు పడుతుంది. ప్రమాదం ఉందన్న తేదీ 2032 డిసెంబరు 22, అంటే రెండు చుట్ల తర్వాత. చుట్టుకు పట్టే కాలాన్ని మనం ఒక్క నిమిషం తప్పుగా లెక్కగట్టినా రెండు చుట్లకు రెండు నిమిషాల తేడా వస్తుంది. భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు పరుగెడుతుంది గనక ఆ రెండు నిమిషాల్లో 3,600 కి.మీ. జరిగిపోతుంది. తప్పు పది నిమిషాలైతే 36,000 కి.మీ., అంటే భూమి వ్యాసానికి దాదాపు మూడు రెట్లు. భూమి తన వ్యాసమంత దూరం దాటడానికి ఏడు నిమిషాలు చాలు.

అందుకే ఆ రోజున శకలం ఎక్కడ ఉంటుందంటే ఒక చుక్క పెట్టి చూపించలేం, కక్ష్య పొడవునా సాగిన సన్నటి గీత గీయాల్సి వస్తుంది. ఆ గీతలో భూమి ఎంత భాగాన్ని కప్పుతుందో అదే, ఉరామరికగా, ఢీకొట్టే అవకాశం. ఊహకు అందడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. గీత పొడవు 10 లక్షల కి.మీ., భూమి వ్యాసం 12,750 కి.మీ. అయితే అవకాశం 1.3 శాతం. కొత్త పరిశీలనలతో గీత 4 లక్షలకు కుదించుకుపోయి, భూమి ఇంకా దాని మీదే ఉంటే అది 3.2 శాతం అవుతుంది. ముప్పు పెరిగిందా? లేదు, మన అజ్ఞానం తగ్గింది, అంతే. గీత ఇంకా కుదించుకుపోయి దాని కొస భూమిని దాటి పక్కకు జరిగిన రోజున అవకాశం సున్నాకు పడిపోతుంది. 2025 ఫిబ్రవరి 18న నాసా లెక్క 3.1 శాతం చూపింది. మర్నాడు 1.5కు దిగింది. నెలాఖరుకు దాదాపు సున్నా. సుమారు 60 మీటర్ల ఈ రాయి, సున్నా నుంచి పది మెట్లుండే టొరినో ముప్పు కొలబద్దపై 3వ మెట్టు దాకా ఎక్కి దిగింది.

ఇకపై ఇలాంటి వార్త చూసినప్పుడు శాతంతో పాటు ఆ గీత పొడవు ఎంత ఉందో కూడా అడగండి. అది వార్తలో ఉండదు, అదే చిక్కు.

ప్రశ్న: 3ఐ/అట్లాస్ అనే వస్తువు వేరే నక్షత్రం దగ్గర్నుంచి వచ్చిందని ఎలా తేల్చారు? అది గ్రహాంతరవాసుల నౌక అన్న మాటలో నిజమెంత?

మొదటి ప్రశ్నకు జవాబు వేగంలో ఉంది. భూమి ఉన్నంత దూరంలో సూర్యుడి పట్టు తప్పించుకోవడానికి సెకనుకు 42 కి.మీ. వేగం కావాలి. మన సౌరకుటుంబపు అంచుల నుంచి రాలిపడే తోకచుక్క ఎంత దూరం నుంచి వచ్చినా ఆ హద్దుకు అటూ ఇటూగా ఉంటుంది గానీ బాగా దాటదు. ఈ వస్తువు మాత్రం సూర్యుడి లాగుడు ఇంకా తగలనంత దూరంలో ఉన్నప్పుడే సెకనుకు సుమారు 58 కి.మీ. వేగంతో వస్తోంది. కక్ష్య ఆకారాన్ని ఉత్కేంద్రత అనే అంకెతో చెబుతారు. ఒకటి లోపు ఉంటే తిరిగి వచ్చేది, ఒకటి దాటితే తిరిగి రానిది. ఇంతకుముందు ఇలాగే బయటి నుంచి వచ్చినవి రెండు: 2017లో కనిపించిన ఔమువామువాకు అది 1.2, 2019 నాటి బోరిసోవ్‌కు 3.4. 2025 జులై 1న కనుగొన్న దీనికి 6 పైనే. అంత పెద్ద అంకె కొలతల పొరపాటు వల్ల రాదు.

నౌక సంగతి: దాని చుట్టూ వాయువుల పొర, ధూళి, తోక అన్నీ కనిపించాయి. జేమ్స్ వెబ్ దూరదర్శిని ఆ పొరలో నీటి ఆవిరి కన్నా కార్బన్ డయాక్సైడ్ చాలా ఎక్కువ ఉన్నట్టు చూసింది. ఇది విశేషమే, కానీ తోకచుక్కల్లో విశేషం.

ప్రశ్న: గురుత్వ తరంగం వచ్చినప్పుడు లైగో అద్దాలు ప్రోటాన్‌లో వెయ్యో వంతు కదులుతాయని చదివాను. అద్దంలోని అణువులే అంతకు ఎన్నో రెట్లు వణుకుతుంటాయి కదా, ఎలా కొలుస్తారు? పైగా స్థలమే సాగితే కాంతి కూడా దాంతోపాటు సాగిపోదా?

లైగో అంటే గురుత్వ తరంగాలను, అంటే స్థలాన్నే సాగదీస్తూ కుదిస్తూ వచ్చే అలలను, పట్టే పరికరం. లంబకోణంలో ఉన్న రెండు పొడవాటి చేతులు, వాటిలో అద్దాలు, మధ్య లేజరు కాంతి. ముందు అంకె సరిచూద్దాం. 2015 సెప్టెంబరు 14న మొదటిసారి పట్టుకున్న తరంగం పొడవులను మార్చిన నిష్పత్తి, 1 పక్కన 21 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. లైగో చేయి ఒక్కొక్కటి 4 కి.మీ. ఈ రెంటినీ గుణిస్తే వచ్చే మార్పు ప్రోటాన్ వ్యాసంలో సుమారు 400వ వంతు. పరికరం పట్టగలిగేది ఇంకా చిన్న కదలికను.

అణువుల వణుకు గురించి మీ సందేహం సరైనదే. అద్దం 34 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. మందం, 40 కిలోల బరువున్న సిలికా దిమ్మ. దాని మీద పడే లేజరు మచ్చ వెడల్పు పది సెంటీమీటర్ల పైమాటే. ఆ మచ్చ కింద లక్ష కోట్లకు లక్ష రెట్ల అణువులుంటాయి. కాంతి ఏ ఒక్క అణువునూ చూడదు, అన్నిటి సగటు స్థానాన్ని చూస్తుంది. ఒకటి ముందుకు జరిగితే ఇంకొకటి వెనక్కి జరుగుతుంది గనక సగటు దాదాపు కదలదు. దీనికి తోడు అణువుల కంపనం సెకనుకు లక్షల కోట్ల సార్లు జరిగే వ్యవహారం. లైగో వినేది సెకనుకు 10 నుంచి కొన్ని వేల సార్ల మధ్య జరిగే మార్పులనే. అయినా వేడి వల్ల వచ్చే చిక్కు పూర్తిగా పోదు. అది అద్దం దిమ్మలో కన్నా దాని మీద పూసిన పలుచటి పరావర్తన పొరల్లో ఎక్కువ. సెకనుకు వంద సార్ల పరిసరాల్లో పరికరాన్ని కట్టడి చేసే వాటిలో ఆ పూత ఒకటి. కొత్త పూతల కోసం ప్రయోగశాలలు అంత తంటాలు పడేది అందుకే.

ఇక భూమి అదురు. అద్దాన్ని ఒకదాని కింద ఒకటిగా నాలుగు లోలకాలకు వేలాడదీస్తారు. చివరి అంచెలో ఉండేవి 0.4 మి.మీ. మందం సిలికా పోగులు. లోలకం తన సహజ వేగం కన్నా వేగంగా వచ్చే అదురును కిందికి పోనివ్వదు. పది రెట్లు వేగంగా ఊపితే ఒక్కో అంచె ఆ కదలికను వందో వంతుకు తగ్గిస్తుంది. నాలుగు అంచెలు కలిస్తే పది కోట్లో వంతు. ఉక్కు తీగలకు బదులు సిలికా పోగులు ఎందుకంటే, ఉక్కులో లోపలి రాపిడి ఎక్కువ. ఆ రాపిడే మళ్లీ వేడి వణుకును తెచ్చిపెడుతుంది.

ఇప్పుడు కొలత. రెండు చేతుల్లోంచి తిరిగొచ్చిన కాంతి ఒకదాన్నొకటి చెరిపేసుకునేలా అమరుస్తారు. గ్రాహకం వైపు దాదాపు చీకటి. చేతుల పొడవుల్లో తేడా వస్తే కొద్ది కాంతి అటు జారుతుంది. ఒక్కో చేయిలో కాంతి సుమారు 300 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది గనక 4 కి.మీ. చేయి 1,200 కి.మీ. చేయిలా పనిచేస్తుంది. జారే కాంతిని ఫోటాన్లుగా, అంటే కాంతి రేణువులుగా, లెక్కపెట్టాలి, లెక్కలో తడబాటు ఫోటాన్ల సంఖ్యకు వర్గమూలమంత ఉంటుంది. ఎక్కువ ఫోటాన్లు పంపితే తడబాటు శాతం తగ్గుతుంది. అలాగని లేజరును ఇష్టమొచ్చినట్టు పెంచలేం. ఫోటాన్లు అద్దాన్ని తోస్తాయి, ఆ తోపుడు కూడా ఎగుడుదిగుడే. 2019 నుంచి వాడుతున్న 'పిండిన కాంతి' ఈ రెండు దోషాల్లో ఒకదాన్ని తగ్గించి ఇంకొకదాన్ని పెంచుతుంది. ఏ కంపన వేగం దగ్గర ఏది అవసరమో చూసుకుని పిండుతారు.

మీ చివరి ప్రశ్న భౌతికశాస్త్రం చదివినవాళ్లనే తికమక పెడుతుంది. చేయిలో అప్పటికే ఉన్న కాంతి సాగేది నిజమే. కానీ ఆ కాంతి అక్కడ ఉండేది సెకనులో వెయ్యో వంతు పరిసరాల్లో మాత్రమే. సెకనుకు 100 సార్లు ఊగే గురుత్వ తరంగానికి ఒక ఊపుకు సెకనులో వందో వంతు పడుతుంది. ఈలోపు లేజరు నుంచి తాజా కాంతి వస్తూనే ఉంటుంది, దాని తరంగదైర్ఘ్యాన్ని లేజరు నిర్ణయిస్తుంది. పరికరం కొలిచేది కాంతి తరంగం పొడవును కాదు, రెండు చేతుల నుంచి ఆ తరంగ శిఖరాలు చేరిన సమయాల్లో తేడాను.

ఇంత చేశాక కూడా ఒక్క పరికరాన్ని నమ్మరు. లైగోకు అమెరికాలో రెండు చోట్ల ఒకేలాంటి పరికరాలున్నాయి. రెండు కృష్ణబిలాలు కలిసినప్పుడు పుట్టిన 2015 నాటి తరంగం ముందు లివింగ్‌స్టన్‌కు, 7 మిల్లీసెకన్ల తర్వాత 3,000 కి.మీ. దూరంలోని హాన్‌ఫర్డ్‌కు చేరింది. కాంతివేగంతో అంత దూరానికి గరిష్ఠంగా 10 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి లెక్క కుదిరింది. 2025 జనవరి 14న అలాంటి జంటే, ఇంకెంతో స్పష్టంగా దొరికింది. రెండు కృష్ణబిలాల ఉపరితల వైశాల్యం కలిపి సుమారు 2,40,000 చ.కి.మీ. ఉంటే, కలిశాక ఏర్పడిన దానిది సుమారు 4,00,000 చ.కి.మీ. కృష్ణబిలాల మొత్తం వైశాల్యం తగ్గదని హాకింగ్ 1971లో చెప్పిన సూత్రానికి ఇంతవరకు దొరికిన గట్టి పరీక్షల్లో ఇదొకటి.

ప్రశ్న: కొత్తగా దొరికిన అతిపెద్ద ప్రధాన సంఖ్యలో నాలుగు కోట్ల అంకెలట. దాన్ని భాగించి చూడటం అసాధ్యం కదా, ప్రధాన సంఖ్య అని ఎలా తేల్చారు? దాంతో ఉపయోగమేమిటి?

భాగించలేదు. 2ను 13,62,79,841 సార్లు హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. ఇలాంటి వాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. వీటికి మాత్రమే పనికొచ్చే లూకాస్–లెమర్ పరీక్ష ఒకటుంది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించగా మిగిలిన శేషాన్ని ఉంచుకోవాలి. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేశాక శేషం సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. రాకపోతే కాదు. అంతే పరీక్ష.

చేత్తో చేసి చూడండి. ఘాతం 7 అయితే సంఖ్య 127, చేయాల్సింది 5 సార్లు. 4 వర్గం 16, రెండు తీస్తే 14. దాని వర్గం 196, రెండు తీస్తే 194, శేషం 67. తర్వాత 42, ఆ తర్వాత 111. 111 వర్గం 12,321, రెండు తీస్తే 12,319. ఇది సరిగ్గా 127 × 97. శేషం సున్నా. ఘాతం 11 అయితే సంఖ్య 2,047, తొమ్మిది సార్లు చేస్తే చివరికి 1,736 మిగులుతుంది. సున్నా కాదు, కాబట్టి ప్రధానం కాదు. నిజానికి అది 23 × 89. ఆ కారణాంకాలు ఏమిటో పరీక్ష చెప్పదన్నది గమనించండి. ప్రధానమా కాదా అన్నదొక్కటే చెబుతుంది.

అసలు సంఖ్య దగ్గర ఇదే పనిని 13 కోట్ల 62 లక్షల సార్లు, ప్రతిసారీ నాలుగు కోట్ల అంకెల సంఖ్యను వర్గం చేస్తూ సాగించాలి. గుణకారానికి, పెద్ద సంఖ్యలను వేగంగా గుణించే ఫూరియే పద్ధతి వాడతారు. అందులో దశాంశాలను దగ్గరి పూర్ణాంకానికి సవరించే చోట ఒక్క బిట్ అటూ ఇటైనా అక్కడినుంచి మిగతా లెక్కంతా చెత్త. వేడెక్కిన మెమరీ చిప్పు చాలు దీనికి. అందుకే వెతికే దశలో, తప్పును మధ్యలోనే పట్టుకునే వీలున్న వేరే పరీక్ష నడుపుతారు. అది 'బహుశా ప్రధానం' అన్నాకే లూకాస్–లెమర్‌ను వేర్వేరు యంత్రాల మీద, వేర్వేరు ప్రోగ్రాములతో నడుపుతారు. 2024 అక్టోబరులో ల్యూక్ డురాంట్ దీన్ని పట్టుకున్నది గ్రాఫిక్స్ ప్రాసెసర్ల మీద. అంతకుముందు, 1996 నుంచి ఈ వెతుకులాటలో దొరికినవన్నీ మామూలు కంప్యూటర్ల మీదే దొరికాయి. 2018 నాటి పాత రికార్డుకు అంకెలు 2,48,62,048. దీనికి 4,10,24,320.

అంకెల సంఖ్యను మీరే సరిచూసుకోవచ్చు. ఘాతాన్ని 2 సంవర్గమానంతో గుణించి పై పూర్ణాంకం తీసుకోవడమే. పుస్తకాల్లోని 0.30103 వేస్తే ఒక అంకె ఎక్కువ వస్తుంది, 0.3010299957 వేయండి.

ఉపయోగం అడిగారు. ఇంత పెద్ద ప్రధాన సంఖ్యతో రహస్య సంకేతాలు రాయరు, అక్కడ కొన్ని వందల అంకెలు చాలు.

ప్రశ్న: పేలుతుందని చెప్పిన, ఉత్తర కిరీటం అనే తారామండలంలోని తార 2024లో పేలలేదు. ఇంకా చూడాలా? ఎక్కడ చూడాలి?

చూడండి. ఆ తార టీ కరోనే బొరియాలిస్. సుమారు 3,000 కాంతి సంవత్సరాల దూరంలో ఒక శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తార), ఒక అరుణ మహాతార (ఉబ్బిన ఎర్ర తార) 227 రోజులకోసారి ఒకదాన్నొకటి చుట్టుకుంటూ ఉంటాయి. మహాతార నుంచి హైడ్రోజన్ జారి కుబ్జం మీద పేరుకుంటుంది. పొర అడుగున వేడి కోటి డిగ్రీల స్థాయికి చేరాక కేంద్రక సంలీనం అంటుకుంటుంది. మామూలు వాయువైతే వేడికి వ్యాకోచించి తనంతట తానే చల్లబడేది. అంత సాంద్రతలో ఒత్తిడికీ వేడికీ సంబంధం తెగిపోతుంది కాబట్టి వ్యాకోచం ఆలస్యమై, మంట అదుపు తప్పి పొర మొత్తం ఎగిరిపోతుంది. కుబ్జానికి ఏమీ కాదు. మళ్లీ పేరుకోవడం మొదలు.

1866 మేలో ఒకసారి, 1946 ఫిబ్రవరిలో ఒకసారి పేలింది. మధ్య 79.7 ఏళ్లు. అదే కాలం కలిపితే 2025 చివర వస్తుంది గానీ, బాగా నమోదైన రెండు పేలుళ్ల మధ్య ఉన్నది ఒకే ఒక్క అంతరం. దాని మీద తేదీ కట్టడం సాహసం. 1945లో పేలుడుకు ముందు వెలుగు కొంత తగ్గింది. 2023లోనూ తగ్గింది గనక 2024 అన్నారు. ఒకే ఒక్క పాత ఉదాహరణ మీద కట్టిన జోస్యం అది.

వెతకడం ఇలా. మే, జూన్ రాత్రుల్లో సప్తర్షి మండలం తోక వంపును అలాగే పొడిగిస్తే నారింజ రంగు స్వాతి తగులుతుంది. ఈశాన్యంలో నీలి తెలుపుగా మెరిసేది అభిజిత్. స్వాతి నుంచి అభిజిత్ వైపు మూడో వంతు దూరంలో, అంటే చేయి చాచి పట్టిన రెండు పిడికిళ్ల దూరాన, ఏడు తారల చిన్న అర్ధవృత్తం ఉంటుంది. అదే ఉత్తర కిరీటం. అందులో బాగా వెలిగేది ఆల్ఫెక్కా, ప్రకాశ ప్రమాణం 2.2 (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ). దాని నుంచి తూర్పుగా వంపు వెంట మూడో తార ఎప్సిలాన్, ప్రమాణం 4.1. ఎప్సిలాన్‌కు ఆగ్నేయంగా ఒక డిగ్రీ దూరంలో, చాచిన చేతి చిటికెన వేలి వెడల్పంత పక్కన, మన తార ఉండే చోటు. మామూలు రోజుల్లో ప్రమాణం 10, కంటికి కనపడదు. పేలితే 2కు చేరుతుంది, అంటే సుమారు 1,600 రెట్ల వెలుగు.

చాలామంది ఆల్ఫెక్కానే చూసి పేలిందనుకుంటారు. కిరీటంలో ఒక్కటే పెద్ద తార కనిపిస్తే ఏమీ జరగనట్టు. దాదాపు సమానమైనవి రెండు కనిపిస్తే జరిగినట్టు. నగరపు వెలుతురులో ఎప్సిలాన్ కంటికి దొరకదు, 10×50 బైనాక్యులర్ చాలు. కంటికి కనిపించేది వారం లోపే గనక ఆ ఏడు తారల అమరికను ముందే కంఠతా పెట్టుకోవాలి. పేలాక పటం వెతుక్కుంటూ కూర్చుంటే, మబ్బులకు రెండు మూడు రాత్రులు పోతే, ఇంక మిగిలేది తక్కువ.

ప్రశ్న: ఎంత పరిచినా నమూనా పునరావృతం కాని 'టోపీ' పలకను అట్టతో చేయాలనుకుంటున్నాను. కొలతలు ఇస్తారా? పునరావృతం కాదని ఎలా నిరూపించారు?

కొలతలు రెండే. పొట్టి భుజం, దానికి √3 రెట్లు పొడవు భుజం. పొట్టిది 1.5 సెం.మీ. పెట్టుకోండి, పొడవుది 2.598 అవుతుంది, 2.6 గీస్తే తేడా కంటికి ఆనదు. (పొట్టిది 2 సెం.మీ. పెట్టి పొడవును 3.5గా గుండ్రం చేస్తే ఇరవై పలకలు పేర్చేసరికి సందులు పడతాయి. అసలుది 3.46.)

కాగితం కింది భాగంలో ఎడమ నుంచి కుడికి 3 సెం.మీ. గీత గీయండి. అక్కడినుంచి, నడుస్తున్నవాడు తిరిగినట్టు, ఈ వరసలో సాగండి: ఎడమకు 60° తిరిగి 1.5, కుడికి 90° తిరిగి 2.6, ఎడమకు 60° 2.6, ఎడమకు 90° 1.5, ఎడమకు 60° 1.5, కుడికి 90° 2.6, ఎడమకు 60° 2.6, ఎడమకు 90° 1.5, కుడికి 60° 1.5, ఎడమకు 90° 2.6, కుడికి 60° 2.6, ఎడమకు 90° 1.5. మొదలుపెట్టిన చోటికే రావాలి. మొత్తం 13 భుజాలు, 9 సెం.మీ. వెడల్పు, 6.5 సెం.మీ. ఎత్తు. చివర రెండు మిల్లీమీటర్లకు మించి సందు మిగిలితే కొలత తప్పు కాదు, ఎక్కడో కుడి ఎడమలు మారినట్టు. కుడికి తిరిగేవి నాలుగే, ముందు వాటిని చూడండి. ఇంకో మాట, పైన చెప్పినవి తిరగాల్సిన కోణాలు. కోణమానినితో పలక లోపలి నుంచి కొలిచేవాళ్లు ఎడమ 60ని 120గా, ఎడమ 90ని 90గా, కుడి 90ని 270గా, కుడి 60ని 240గా మార్చుకోవాలి.

ఒక పక్క రంగు, ఇంకో పక్క తెలుపు ఉన్న అట్ట వాడండి. సుమారు ఎనిమిదింటిలో ఒకటి తిరగేసి పెట్టాల్సి వస్తుంది, రంగు తేడా ఉంటే అవి ఎక్కడెక్కడ పడుతున్నాయో కనిపిస్తుంది. పొట్టికి పొట్టి, పొడవుకు పొడవు ఆనించాలి. 3 సెం.మీ. భుజాన్ని రెండు పొట్టి భుజాలుగా లెక్కించండి. తిరగేసిన పలక చుట్టూ మామూలువి మూడు అతుక్కున్న నాలుగింటి గుంపు మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్నే ముందు తయారు చేసుకుని పేర్చితే పని తేలిక. ఒక్కొక్కటే పేర్చుతూ పోతే పదో పన్నెండో పలకల దగ్గర ఏదీ పట్టని మూల తగులుతుంది. అప్పుడు చివరి పలక తీస్తే సరిపోదు, నాలుగైదు వెనక్కి పోవాలి. పక్కపక్కన అతికినంత మాత్రాన మొత్తం అతుకుతుందని హామీ లేదు.

నిరూపణకు తాళంచెవి కూడా ఆ గుంపులే. పలకలు నాలుగు రకాల గుంపులుగా తప్పనిసరిగా చేరతాయి. ఆ గుంపులు అవే నాలుగు రకాల పెద్ద గుంపులుగా చేరతాయి, అవి ఇంకా పెద్దవిగా, ఇలా అంతులేకుండా. నమూనా ఏదో ఒక దూరం జరిపితే తన మీద తానే సరిగ్గా కూర్చుంటుందనుకోండి. అప్పుడు ప్రతి స్థాయిలోని గుంపులూ గుంపుల మీదే కూర్చోవాలి. కానీ ఏదో ఒక స్థాయిలో గుంపు సైజు ఆ జరిపిన దూరం కన్నా పెద్దదైపోతుంది, అంత చిన్న జరుగుడుతో గుంపు ఇంకో గుంపు మీదికి చేరలేదు. కాబట్టి అలాంటి దూరమే లేదు.

1966లో రాబర్ట్ బర్జర్ ఇలాంటి పలకల సమితిని మొదట చూపినప్పుడు దానిలో 20,426 రకాలున్నాయి. 1970ల్లో పెన్‌రోజ్ వాటిని రెండుకు దించాడు. ఒక్కటి దొరకడానికి 2022 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. దొరికింది డేవిడ్ స్మిత్‌కు, ముద్రణ రంగంలో పనిచేసి రిటైరైన మనిషి. నిరూపణ మరో ముగ్గురితో కలిసి 2023 మార్చిలో బయటపెట్టారు. తిరగేస్తే అది రెండో ఆకారమే కదా అని కొందరు పేచీ పెట్టారు. మే నెలకల్లా తిరగేయనక్కర్లేని 'స్పెక్టర్' పలకను చూపించి ఆ నలుగురే ఆ పేచీ తీర్చారు.

ప్రశ్న: నడవా మలుపులోంచి తిప్పగలిగే అతిపెద్ద సోఫా లెక్క తేలిపోయిందని విన్నాను. ఇందులో కష్టమేముంది?

వెడల్పు ఒక యూనిట్ ఉన్న నడవా లంబకోణంలో మలుపు తిరుగుతుంది. ఎత్తకుండా, నేల మీదే జరుపుతూ మలుపు దాటించగల ఆకారానికి గరిష్ఠ వైశాల్యం ఎంత అని 1966లో లియో మోజర్ అడిగాడు. అర్ధవృత్తం దాటుతుంది, వైశాల్యం 1.57. 1968లో హామర్‌స్లీ దాన్ని మధ్యకు చీల్చి, నడుమ దీర్ఘచతురస్రం ఇరికించి, లోపలి మూల తగిలే చోట అర్ధవృత్తం తొలిచాడు. అలా 2.2074 వచ్చింది. చేసి చూడాలంటే 10 సెం.మీ. నడవా గీసుకోండి. 12.73 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు దీర్ఘచతురస్రం, దానికి రెండు పక్కలా 10 సెం.మీ. వ్యాసార్ధం పావు వృత్తాలు. అడుగు భుజం నడిమధ్య నుంచి 6.37 సెం.మీ. వ్యాసార్ధం అర్ధవృత్తం కత్తిరించండి. మొత్తం పొడవు 32.73. గీత మందం మీద కత్తిరిస్తే ఇరుక్కుంటుంది, గీత లోపలి అంచు వెంట కత్తిరించాలి.

కష్టమల్లా ఇక్కడినుంచే. 1992లో గెర్వర్ 18 ముక్కల అంచుతో 2.2195 సాధించాడు, పెరిగింది అర శాతం పైచిలుకు. అంతకన్నా పెద్దది లేదని చూపడానికి మాత్రం, ఊహకందే ప్రతి ఆకారాన్నీ ఒకేసారి తోసిపుచ్చే వాదన కావాలి. ఆకారం మారితే అది తిరిగే దారీ మారుతుంది, రెండూ ముడిపడి ఉండటంతో వైశాల్యానికి ఒకే సూత్రం రాయడం కుదరదు. 2024 నవంబరులో జినియన్ బేక్ 119 పేజీల వ్యాసంలో గెర్వర్ ఆకారమే గరిష్ఠమని వాదించాడు. కుడికీ ఎడమకీ రెండు మలుపులూ తిరగాల్సిన సోఫా లెక్క మాత్రం అలాగే ఉంది. డాన్ రోమిక్ చూపిన 1.6449 వైశాల్యం ఆకారం కన్నా పెద్దది ఎవరికీ దొరకలేదు, లేదని ఎవరూ నిరూపించలేదు.